శుద్ధి గదిలో పుట్టే టీకా



మన ఆసుపత్రుల్లో బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే తొడకు ఒక సూది వేస్తారు. అది హెపటైటిస్ బి టీకా. మందు అర మిల్లీలీటరు. అందులో అసలు సరుకు 10 మైక్రోగ్రాముల ప్రోటీన్ మాత్రమే. అంటే ఒక్క గ్రాము ప్రోటీన్ చేతికొస్తే లక్షమంది పసిపిల్లలకు సరిపోతుంది. ఆ గ్రాము ప్రోటీన్‌ను ఈస్టు కణాల్లో పుట్టించడం ఒక పని. పుట్టినదాన్ని ఈస్టులోని మిగతా సరుకు నుంచి వేరుచేసి, దాని ఆకారం చెడకుండా, పసిబిడ్డ ఒంట్లోకి ఎక్కించదగినంత శుభ్రంగా బయటికి తీయడం మరో పని. మొదటి పని గురించి బడి పుస్తకాల్లోనూ పాఠం ఉంటుంది. రెండోదాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కానీ టీకా ధర ఎంతో, అది పనిచేస్తుందో లేదో తేలేది ఎక్కువగా ఈ రెండో పనిలోనే. ఇవాళ నేను చెప్పబోయేది దాని గురించే.

ముందు ఈ ప్రోటీన్ ఎలాంటిదో చూద్దాం. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. హెపటైటిస్ బి వైరస్ 42 నానోమీటర్లు ఉంటుంది. దాని పై తొడుగులో ఒక ప్రోటీన్ ఉంది, 226 అమైనో ఆమ్లాల గొలుసు. ఈ ప్రోటీన్‌కు ఒక విచిత్రమైన గుణం ఉంది. లోపల వైరస్ లేకపోయినా, కొన్ని పదుల నుంచి వంద వరకు అణువులు కొవ్వు పదార్థంతో కలిసి వాటంతట అవే గుండ్రటి కణంగా కూడుకుంటాయి. ఆ కణం 22 నానోమీటర్లు. లోపల జన్యు పదార్థం లేదు కాబట్టి అది ఎవరికీ జబ్బు తెప్పించలేదు. రోగి రక్తంలో అసలు వైరస్ కంటే ఈ ఖాళీ కణాలే వేల రెట్లు ఎక్కువగా తిరుగుతుంటాయి.

టీకాకు ఇంతకంటే మంచి వస్తువు దొరకదు. ప్రోటీన్ అణువు ఒంటరిగా ఉంటే మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని పెద్దగా పట్టించుకోదు. అదే అణువు ఒక కణం మీద వరసగా, పదేపదే కనిపిస్తే, యాంటీబాడీల తయారీకి మూలమైన మన ఒంటిలోని బి కణం మీదున్న గ్రాహకాలు ఒకేసారి చాలా చోట్ల దానికి అతుక్కుంటాయి. ఆ బి కణానికి గట్టి సంకేతం అందుతుంది. పైగా ఈ పరిమాణంలో ఉన్న కణాలు సూది వేసిన చోటి నుంచి నేరుగా లింఫు గ్రంథులకు చేరుకోగలవు. ప్రోటీన్ నానో కణాల టీకాలు అని ఇప్పుడు మనం వింటున్న మాటకు మూలం ఇదే. పేరు కొత్తదైనా వస్తువు పాతదే.

అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లూంబర్గ్ 1960లలో ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో ఈ ప్రోటీన్‌ను గుర్తించారు. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మరి టీకాకు కణాలెక్కడివి? అప్పట్లో వాటిని ప్రయోగశాలలో పుట్టించే దారి లేదు. జబ్బు మోస్తున్నవాళ్ల రక్తంలోంచే తీయాలి. అంటే వైరస్ ఉన్న రక్తాన్నే టీకాగా మార్చాలి. ఇక్కడ శుద్ధి చేయడమే టీకా తయారీ, దానికి ముందు వేరే తయారీ అంటూ ఏమీ లేదు. మెర్క్ సంస్థలో మారిస్ హిల్లెమన్ బృందం ఆ పని చేసింది. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను అల్ట్రా సెంట్రిఫ్యూజ్ అనే అతివేగపు యంత్రంలో తిప్పి కణాలను వేరుచేసి, తర్వాత పెప్సిన్, యూరియా, ఫార్మాలిన్ ఒకదాని తర్వాత ఒకటి ప్రయోగించారు. మిగతా ప్రోటీన్లు జీర్ణమైపోయాయి, ఏ వైరస్ ఉన్నా చచ్చింది, ఈ 22 నానోమీటర్ల కణం మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ మొండితనమే మానవాళికి కలిసొచ్చింది. 1981లో అమెరికాలో ఆ టీకాకు అనుమతి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎయిడ్స్ బయటపడింది. రక్తం నుంచి తీసిన మందంటే జనం హడలిపోయారు. టీకాలో హెచ్ఐవీ లేదని పరీక్షలు తేల్చినా ఆ భయం పోలేదు.

అందుకే ఈస్టు రంగంలోకి వచ్చింది. కాలిఫోర్నియాలో విలియం రట్టర్, పాబ్లో వాలెన్జుయెలా తదితరులు ఈ ప్రోటీన్ జన్యువును ఈస్టులో పెట్టి, ఆ ఈస్టు నుంచి కణాలు దొరుకుతాయని 1982లో చూపించారు. 1986లో ఆ దారిలో తయారైన టీకాకు అనుమతి దొరికింది. జన్యు ఇంజినీరింగ్‌తో తయారై మనుషులకు వేసిన మొదటి టీకా అదే.

రక్తం భయం పోయింది గానీ శుద్ధి చేసేవాళ్ల పని తేలిక కాలేదు. ఈస్టు ఈ ప్రోటీన్‌ను బయటికి వదలదు, లోపలే దాచుకుంటుంది. కాబట్టి ఫర్మెంటర్ అనే పెద్ద తొట్టి నిండా పెంచిన ఈస్టును ఎక్కువ ఒత్తిడితో పగలగొట్టాలి. పగిలిన మరుక్షణం వేల రకాల ఈస్టు ప్రోటీన్లు, డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, గోడ ముక్కలు, కొవ్వు, వీటికి తోడు ప్రోటీన్లను కొరికేసే ఎంజైములు, అన్నీ కలిసి ఒక చిక్కటి ద్రవం అవుతుంది. మనకు కావాల్సిన కణాలు అందులో చాలా కొద్ది పాళ్లు. అవీ కొవ్వు పొరలకు అతుక్కుని ఉంటాయి. డిటర్జెంట్ వేసి వాటిని విడిపించాలి. డిటర్జెంట్ తక్కువైతే కణాలు రావు, ఎక్కువైతే కణంలోని కొవ్వూ పోయి కణమే విచ్చుకుంటుంది. చల్లగా ఉంచాలి, తొందరగా చేయాలి, నురుగు రానివ్వకూడదు. నురుగులో గాలి, నీరు కలిసే చోట ప్రోటీన్ మడతలు విప్పుకుని పాడవుతుంది.

తర్వాత వేరుచేయడం. పాత పద్ధతి సీజియం క్లోరైడ్. ఈ ఉప్పు కలిపిన నీటిని అల్ట్రా సెంట్రిఫ్యూజ్‌లో గంటల తరబడి మహా వేగంతో తిప్పితే గొట్టంలో పైన పలచగా, అడుగున బరువుగా సాంద్రత మెట్లు ఏర్పడతాయి. మామూలు ప్రోటీన్లు బరువు కాబట్టి కిందికి పోతాయి. మన కణంలో కొవ్వు ఉంది కాబట్టి సాంద్రత 1.2 దగ్గర ఒక సన్నటి తెల్లటి పట్టీలా నిలుస్తుంది. ప్రయోగశాలలో ఇది చాలా అందమైన పద్ధతి. ఫ్యాక్టరీలో మాత్రం పెద్ద తలనొప్పి. సీజియం ఖరీదైన లోహం. యంత్రం ఖరీదు. ఒక్కో విడతకు పట్టే ద్రవం తక్కువ. చివర్లో ఆ ఉప్పునంతా మళ్లీ తీసేయాలి.

రెండో దారి క్రొమటోగ్రఫీ. కాలమ్ అనే పొడుగాటి గొట్టంలో రెజిన్ పూసలు నింపి పైనుంచి ద్రవాన్ని పోస్తారు. ఒక్కో పూస సూక్ష్మరంధ్రాల పుట్ట. ఇదెలా పనిచేస్తుందో తెలియాలంటే సన్నటి సందులున్న ఊరి గుండా లారీలు, సైకిళ్లు కలిసి వెళ్తున్నాయనుకోండి. సైకిలు ప్రతి సందులోకీ దూరి తిరిగి తిరిగి ఆలస్యంగా ఊరు దాటుతుంది. లారీ సందుల్లో పట్టదు, పెద్ద రోడ్డు వెంట నేరుగా వెళ్లి ముందే బయటపడుతుంది. మామూలు ప్రోటీన్ సైకిలైతే, మన 22 నానోమీటర్ల కణం లారీ. పరిమాణాన్ని బట్టి వేరుచేసే కాలమ్‌లో ఇది మనకు మేలే, కణాలు ముందు వచ్చేస్తాయి. కానీ ఆ పద్ధతికి ఒకసారికి పట్టే సరుకు చాలా తక్కువ. ఎక్కువ సరుకును పట్టాలంటే విద్యుదావేశాన్ని బట్టి ప్రోటీన్‌ను పూసకు అతికించి, తర్వాత ఉప్పు నీటితో విడిపించే కాలమ్‌లు కావాలి. అక్కడ మళ్లీ చిక్కొస్తుంది. అతికించే చోట్లన్నీ సందుల లోపలున్నాయి. లారీకి ఆ సందులతో ఏం పని? కణాలు పూసల పైతొక్కకే అతుక్కుంటాయి, లోపలి జాగా అంతా వృథా. యాంటీబాడీ మందులకు అద్భుతంగా పనిచేసే రెజిన్లు ఈ కణాల దగ్గర చతికిలబడేది అందుకే.

ఈ ఒక్క చిక్కు చుట్టూ ఒక పరిశ్రమే పుట్టుకొచ్చింది. పూసలకు బదులు వెడల్పాటి దారులున్న ఒకే దిమ్మలాంటి కాలమ్‌లు చేశారు, వాటిని మోనోలిత్‌లు అంటారు. పొరల రూపంలో అతికించే వడపోతలు వచ్చాయి. తలకిందులుగా ఆలోచించినవాళ్లూ ఉన్నారు. పూస లోపలి భాగానికే అతుక్కునే గుణం పెట్టి, పైతొక్కకు ఏ గుణమూ లేకుండా చేశారు. చిన్న మలినాలు లోపలికి దూరి అక్కడే చిక్కుకుంటాయి, పెద్ద కణం ఏమీ అంటకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది. నాకు ఈ ఆలోచనంటే చాలా ఇష్టం. అడ్డంకిగా ఉన్న పరిమాణాన్నే పనిముట్టుగా మార్చేశారు.

హెపటైటిస్ బి విషయంలో మరో ఉపాయం ఉంది. ఈ కణం పైభాగం కొవ్వు స్వభావం కలది కాబట్టి మెత్తటి సిలికా పొడికి గట్టిగా అతుక్కుంటుంది. ఈస్టు ద్రవంలో ఆ పొడి కలిపి, కడిగి, తర్వాత కాస్త క్షారగుణమున్న బఫర్ ద్రావణంలో డీఆక్సీకోలేట్ కలిపి విడిపిస్తారు. డీఆక్సీకోలేట్ మన పిత్తరసంలో ఉండే పదార్థమే. సీజియం ధరతో పోలిస్తే ఇసుక జాతి పొడి ధర ఎంత! ఇలాంటి మార్పులే టీకా ధరను నేలకు దించాయి.

ఇక్కడ మన హైదరాబాద్ కథ వస్తుంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్. జీవశాస్త్రంతో ఏ సంబంధమూ లేని ఆ మనిషి 1993లో తల్లి పేరున శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఆ కంపెనీ యువ శాస్త్రవేత్తలు పనిచేశారు. పికియా అనే ఈస్టు జాతిలో ప్రోటీన్ పుట్టించి, శుద్ధి విధానాన్ని ఇక్కడే రూపొందించుకుని, 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి విడుదల చేశారు. జన్యు ఇంజినీరింగ్‌తో మన దేశంలో తయారైన మొదటి టీకా అది. అంతకుముందు దిగుమతి టీకా ఒక్కో డోసు వందల రూపాయలు. మధ్యతరగతి వాళ్లు కూడా ఆలోచించి వేయించుకునే ధర అది. కొద్ది కాలంలోనే మరో హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్ రెవాక్-బి తెచ్చింది. సీజియం క్లోరైడ్ లేకుండా తయారైన టీకా అన్నదే దాని ప్రత్యేకతగా ఆ కంపెనీ చెప్పుకుంది. ఒక టీకా డబ్బా మీద శుద్ధి పద్ధతి గొప్పగా నిలవడం అరుదు. ఈ పోటీలో ధర పడిపోయింది. 2002లో శాంతా టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు గుర్తింపు రావడంతో ఐక్యరాజ్యసమితి సంస్థలు కొనగలిగాయి. 2011కల్లా మన ప్రభుత్వం దేశమంతటా పిల్లలకు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. జన్యువును ఈస్టులో పెట్టడం అప్పటికే లోకానికి తెలిసిన విద్య. దాన్ని తక్కువ ఖర్చులో, ప్రతి విడతా ఒకేలా ఉండేట్టు శుభ్రంగా తీయడమే వాళ్లు గెలిచిన పరీక్ష.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. శుద్ధిలో ఆరు మెట్లున్నాయనుకుందాం. ఒక్కో మెట్టులో నూటికి 80 పాళ్ల కణాలు దక్కితే బాగానే ఉందనిపిస్తుంది. ఆరు మెట్లు దాటేసరికి మిగిలేది నూటికి 26 పాళ్లే. ప్రతి మెట్టులోనూ 90 పాళ్లు దక్కించుకోగలిగితే 53 మిగులుతుంది. అంటే అదే ఫర్మెంటర్, అదే ఈస్టు, రెట్టింపు టీకాలు. అదీ కాక ఒక్క మెట్టు తగ్గించగలిగితే? అందుకే ఈ రంగంలో ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి ఒక బఫర్‌లోని ఉప్పు శాతం గురించి కొట్టుకులాడతారు. బయటివాళ్లకు చాదస్తంగా కనిపించొచ్చు. పేద దేశంలో పుట్టిన బిడ్డకు టీకా అందడం, అందకపోవడం ఆ చాదస్తం మీదే ఆధారపడి ఉంది.

ఇంతసేపూ శుద్ధి అంటే మలినాలను తీసేయడం అన్నట్టు మాట్లాడాను. అసలు విశేషం ఇంకా లోతుగా ఉంది. ఈ ప్రోటీన్ గొలుసులో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు 14 ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి గంధకపు బంధాలు వేసుకుంటేనే మన యాంటీబాడీలు గుర్తుపట్టే ఆకారం వస్తుంది. ఈస్టులో ఆ బంధాలు పూర్తిగా పడవు. థయోసయనేట్ అనే రసాయనంతో చికిత్స చేస్తే బంధాలు సరిపడతాయని మెర్క్ శాస్త్రవేత్తలు 1985లో ప్రచురించారు. 2011లో జర్మనీ, భారత శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధన ఇంకా ఆశ్చర్యం కలిగించింది. పికియా ఈస్టును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే లోపల గుండ్రటి కణాలే లేవు. ప్రోటీన్ అంతా పొరలు పొరలుగా పేరుకుని ఉంది. పగలగొట్టి, శుద్ధి చేసే మెట్లలోనే అది 22 నానోమీటర్ల కణంగా కూడుకుంటోంది. కోట్లమంది పిల్లలను కాపాడుతున్న ఆ కణం పుట్టేది ఈస్టులో కాదు, శుద్ధి గదిలో! అందుకే ఈ పనిని కడగడం, వడగట్టడం అని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయమని నేననుకుంటాను.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకాలో ఇదే సంగతి మరో రూపంలో ఉంటుంది. ఆస్ట్రేలియాలో జియాన్ జౌ, ఇయాన్ ఫ్రేజర్ 1991లో ఈ వైరస్ ఖాళీ తొడుగును ప్రయోగశాలలో తయారుచేశారు. 360 ప్రోటీన్ అణువులు, ఐదేసి కలిసి 72 గుత్తులుగా, ఆ గుత్తులన్నీ కలిసి ఒక బంతిగా కూడుకుంటాయి. ఈస్టులో ఆ బంతి కట్టుకునేటప్పుడు లోపల ఈస్టు సరుకు కూడా చిక్కుకుపోతుంది. బయట ఎంత కడిగితే ఏం లాభం? అందుకని ఆ బంతిని కావాలనే విప్పేస్తారు. గంధకపు బంధాలు తెంచే రసాయనం వేసి, ఉప్పు తగ్గించి గుత్తులుగా విడదీస్తారు. శుభ్రం చేశాక ఆ రసాయనం తీసేసి, ఉప్పు పెంచితే మళ్లీ అవే బంతులు కట్టుకుంటాయి. ఈసారి మొదటికంటే గుండ్రంగా, గట్టిగా, ఎక్కువ కాలం నిలిచేలా వస్తాయి. అమెరికాలో 2006లో అనుమతి పొందిన గార్డాసిల్ ఈ పద్ధతిలోనే తయారవుతోంది.

సియాటిల్‌లో నీల్ కింగ్ తదితరులు ఇంకో అడుగు ముందుకు వేసి, శుద్ధి తేలికగా జరిగేట్టు కణాన్నే కంప్యూటర్ మీద రూపొందించారు. రెండు ముక్కలు విడివిడిగా పుట్టి, విడివిడిగా శుభ్రమై, చివర్లో కలిపినప్పుడు మాత్రమే కణంగా కూడతాయి. దాని మీద కొవిడ్ వైరస్ ముక్కలు 60 అతికించి చేసిన టీకాకు దక్షిణ కొరియా 2022 జూన్‌లో అనుమతి ఇచ్చింది. మలేరియాకు ఇప్పుడు ఆఫ్రికా పిల్లలకు వేస్తున్న రెండు టీకాలూ మన పాత 22 నానోమీటర్ల కణం మీద మలేరియా ప్రోటీన్ ముక్కను మోయించి చేసినవే.

చివరి మెట్టులో ఒక ముఖ్యమైన సంగతి. ఇలాంటి సూదిమందును 0.22 మైక్రాన్, అంటే 220 నానోమీటర్ల రంధ్రాలున్న వడపోత గుండా పంపి బ్యాక్టీరియాను ఆపుతారు. ఆ రంధ్రం మన కణానికి పది రెట్లు, కాబట్టి కణం దాటిపోతుంది. కానీ కణాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కట్టి ఉంటే అక్కడే ఆగిపోతాయి, నెలల శ్రమ వడపోత మీద మిగిలిపోతుంది. యాంటీబాడీ మందులకు వైరస్‌లను ఆపే 20 నానోమీటర్ల వడపోత వాడతారు, ఇక్కడ అది కుదరదు. మన సరుకే వైరస్ అంత ఉంది మరి. ఇన్ని దాటుకుని వచ్చిన ప్రోటీన్‌లో నూటికి 95 పాళ్లకు తగ్గకుండా కావాల్సిన ప్రోటీనే ఉండాలి. ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషానికి పరీక్ష కూడా ఉంటుంది, ఈ.కోలై బ్యాక్టీరియాలో పుట్టించిన సరుకుకైతే అది మరీ ముఖ్యం. ఆ విషం నానోగ్రాముల్లో మిగిలినా జ్వరం తెప్పిస్తుంది.

అప్పుడు దాన్ని అల్యూమినియం లవణానికి అతికించి సీసాల్లో నింపుతారు. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఒకసారి గడ్డకడితే అల్యూమినియం రేణువులు ముద్దలవుతాయి, టీకా బలం పోతుంది. మళ్లీ కరిగించి లాభం లేదు. టీకాలు నిల్వచేసే అక్కచెల్లెళ్లు, ఏఎన్ఎమ్‌లు ఈ సంగతి బాగా ఎరుగుదురు. వాళ్ల జాగ్రత్త కూడా ఈ శుద్ధి గొలుసులో ఆఖరి మెట్టే.

సైన్స్ చదువుతున్న యువతీయువకులకు ఒక మాట. జన్యువులు, కృత్రిమ మేధ అంటూ అందరూ ఒకే వైపు పరుగెడుతున్నారు. శుద్ధి విద్య తెలిసినవాళ్ల అవసరం టీకాలు తయారుచేసే ప్రతి చోటా ఉంది. కాలమ్ నింపడం, బఫర్ కలపడం, ముద్దకట్టిన కణాన్ని గుర్తుపట్టడం చేతితో నేర్చుకోండి.

ఇక తల్లిదండ్రులకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో హెపటైటిస్ బితో దీర్ఘకాలంగా బతుకుతున్నవాళ్లు 25 కోట్ల పైమాటే. మన దేశంలోనే దాదాపు 3 కోట్ల మంది. పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే చాలామంది శరీరం దాన్ని తరిమేస్తుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది, తర్వాతెప్పుడో కాలేయం చెడడానికో క్యాన్సర్‌కో దారితీస్తుంది. అందుకే తొలి డోసు 24 గంటల్లోపు పడాలి. ప్రసవం ప్రభుత్వాసుపత్రిలో జరిగినా, ప్రైవేటులో జరిగినా, ఇంటికి బయల్దేరేముందు టీకాల కార్డు తీసి చూడండి. హెపటైటిస్ బి మొదటి డోసు వేసినట్టు అందులో రాసి లేకపోతే అక్కడే అడిగి వేయించండి. ఆ తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకాతో మిగతా డోసులు పూర్తిచేయించండి.